తెరకు మాత్రమే

ప్రాణం కాపాడే వాక్యం కార్డులోంచి మాయమైందని ఈల మేడమ్‌కు తెలిసేసరికి, ఆ కార్డునే నమ్ముకున్నవాడు కరెంటు స్తంభం పైకి ఎక్కేశాడు.

లైన్‌మన్ కాలేజీ యార్డులో, కింద వరసలో నిలబడ్డ ట్రైనీ ఒకడు తన వంతు వచ్చేలోగా బెల్టుకున్న కార్డు చూసి బట్టీ పడుతున్నాడు.

"ఒకటి, అనుమతి తీసుకోవాలి. రెండు, స్విచ్ తీయాలి. మూడు, స్విచ్‌కి తాళం వేసి హెచ్చరిక బోర్డు తగిలించాలి. నాలుగు, తీగకి ఎర్త్ తగిలించాలి..."

"నాలుగోది మళ్ళీ చెప్పు," అంది ఆమె.

"ఎర్త్ తగిలించాలి మేడం."

"నాలుగోది టెస్టర్ కదయ్యా! తీగలో కరెంటు లేదని చూసుకోకుండా ఎర్త్ ఎలా తగిలిస్తావ్?"

"కార్డులో ఇలాగే ఉంది మేడం. కావాలంటే చూడండి."

ఆమె కార్డు లాక్కుని చూసింది. నిజంగానే అలాగే ఉంది. తల ఎత్తి చూస్తే, తోటివాళ్ళంతా నిచ్చెన అని పిలిచే పొడుగాటి ట్రైనీ, నడుముకు బెల్టు బిగించుకుని, తీగను నేలకు కలిపే ఎర్త్ క్లాంపు బిగించిన కర్రను తీగ వైపు చాపుతున్నాడు.

మెడలో వేలాడే ఈల నోట్లోకి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. యార్డంతా దద్దరిల్లేలా ఊదింది.

"కర్ర వెనక్కి తియ్! తీగ జోలికి పోకు! అలాగే ఉండు!"

నిచ్చెన బిగుసుకుపోయాడు. యార్డు మేస్త్రి పరుగెత్తుకొచ్చి పొడుగాటి టెస్టర్ కర్రను తీగకు ఆనించాడు. టెస్టర్ ఎర్రగా వెలిగి కీచుమని అరిచింది. అవతలి షెడ్డులో రెండో సంవత్సరం వాళ్ళు జనరేటరు ఆన్ చేశారు. తీగకు రెండు చివరలుంటాయి. ఈ చివర స్విచ్ తీస్తే ఆ చివర నుంచి కరెంటు రాదని ఎవరూ పూచీ పడలేరు. నాలుగో పాయింటు పుట్టిందే అందుకు.

నిచ్చెన కిందికి దిగి, దిగినచోటే కూలబడ్డాడు.

"నేను మర్చిపోలేదు మేడం. చదువుకునే ఎక్కాను."

"తెలుసు నాయనా. చదివింది నువ్వు, తప్పింది కార్డు. లే, కాసిని నీళ్ళు తాగు."

మిగతా ట్రైనీల దగ్గరున్న కార్డులన్నీ ఆమె వెనక్కి తీసుకుంది. అందరివీ ఒకేలా ఉన్నాయి. నాలుగో పాయింటు లేదు, ఐదోది నాలుగై కూర్చుంది. మధ్యలో ఖాళీ కనిపిస్తే ఎవరైనా అడిగేవారు. నంబర్లు వాటంతటవే సర్దుకోవడంతో ఎవరి కంటా పడలేదు.

కబురు ఆమెకన్నా ముందే ప్రిన్సిపాల్ గదికి చేరిపోయింది. లోపలికి అడుగుపెట్టేసరికి బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది. పక్క కుర్చీలో డస్టరు సారు కూర్చున్నాడు. ఆ కాలేజీలో అందరికన్నా సీనియర్. ఈల మేడమ్‌కు సొంత మేనమామ. ఇద్దరిదీ ఒకే ఇల్లు: కింద మావయ్యా అత్తా, మేడ మీద ఆమె, ఆమె తల్లి. ఆమెకు ఈ చదువు చెప్పింది ఆయనే. క్లాసులో మరీ ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు డస్టరుతో బల్ల మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. నిద్రపోయేవాడు కూడా ఉలిక్కిపడి లేచి రాసుకునేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

"మీ ఒక్క ఫైలు పద్ధతి కొంప ముంచింది," అన్నాడు ప్రిన్సిపాల్. "ఎన్నిసార్లు చెప్పాను? ఎవరి పాఠం వాళ్ళు రాసుకునేవారు, ఎవరి నోట్సు వాళ్ళు ఇచ్చుకునేవారు. హాయిగా ఉండేది."

"ఏం హాయి సార్? తెర మీద ఒక లెక్క, నోట్సులో ఇంకో లెక్క, జిరాక్సులో మూడోది. ఏది నిజం మేడం అని పిల్లలు అడిగితే నేలచూపులు చూసేవాళ్ళం."

ఆ గొడవ తట్టుకోలేకే ఆమె కొత్త పద్ధతి తెచ్చింది. పాఠం ఒకేచోట, ఒకే ఫైలులో రాస్తారు. ఒక మీట నొక్కితే అది క్లాసులో తెర మీద చూపే స్లైడ్లు అవుతుంది. ఇంకో మీట నొక్కితే అచ్చుకు వెళ్ళే నోట్సు అవుతుంది. ఏదైనా మారితే ఆ ఒక్కచోట మారిస్తే చాలు. ఈ మధ్యే ఆమె మూడో మీట కూడా చేర్చింది. నోట్సులోని పాయింట్లను ఏరి, స్తంభం ఎక్కేవాడు బెల్టుకు తగిలించుకునే చిన్న కార్డు చేస్తుందది.

"మరి మీ మెషీన్ పాయింటు ఎందుకు మింగేసింది?"

"మెషీన్‌కి ఆకలుండదు సార్. మనిషి తీస్తే పోయింది."

"అంటే? మనవాళ్ళలో ఎవరో కావాలని తీశారంటారా?"

"చూడకుండా ఏదీ అనను."

అంతవరకూ మాట్లాడని డస్టరు సారు కళ్ళద్దాలు తీసి పట్టుకున్నాడు. "ఆ కార్డు... కార్డు కూడా నోట్సులోంచే వస్తుందా?"

"అవును సార్. చెప్పాను కదా మీకు." కాలేజీలో మావయ్య అనే పిలుపు ఆమె నోటి వెంట రాదు.

ఆయన అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. వాటి మీద మరకేమీ లేదు.

ప్రిన్సిపాల్ కాగితం ముందుకు తోశాడు. "ఇదిగో, పద్ధతిలో లోపం వల్ల ప్రమాదం జరగబోయిందని ఒప్పుకుంటున్నట్టు. నోట్సులూ కార్డులూ అన్నీ వెనక్కి. పాత పద్ధతే మళ్ళీ. మీరు కొన్నాళ్ళు స్టోర్సులో ఉంటారు. సంతకం పెట్టేస్తే గొడవ ఇక్కడితో పోతుంది. మధ్యాహ్నం పెద్ద హాల్లో అందర్నీ కూర్చోబెడుతున్నాను, మీరే వచ్చి ఆ మాట చెప్పండి."

"పెట్టకపోతే?"

"సస్పెన్షన్ ఆర్డరు టైపు చేయడం మా గుమాస్తాకు పెద్ద పనేం కాదు."

"అయితే ఆయన్ని టైపు మొదలుపెట్టమనండి సార్. చేయని తప్పుకి నేను సంతకం పెట్టను. పద్ధతి చేయని తప్పుకి అసలే పెట్టను."

ప్రిన్సిపాల్ మొహం ఎర్రబడింది. "మధ్యాహ్నం వరకూ టైముంది. ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్పాను," అని ఆమె విసవిసా బయటికి నడిచింది.

స్టాఫ్‌రూంలో ఉన్నది ఒకే కంప్యూటరు. అందరికీ కలిపి ఒకే పాస్‌వర్డు. ఎవరూ మర్చిపోకూడదని దాన్ని రాసి గోడకు అంటించారు కూడా. అంటే ఎవరైనా కూర్చోవచ్చు, ఏమైనా చేయవచ్చు. స్తంభాల పాఠం ఫైలు తెరిచి ఆమె ఒక్కో వాక్యం మీదా వేలు ఆనిస్తూ కిందికి వచ్చింది.

నాలుగో పాయింటు ఎక్కడికీ పోలేదు. ఉండాల్సిన చోటే భద్రంగా ఉంది. కానీ దాని ముందు ఒక చిన్న గుర్తు ఉంది: తెరకు మాత్రమే.

ఆ గుర్తు కనిపెట్టింది ఆమే. పెద్ద పెద్ద ఫోటోలు, క్లాసు నిద్రపోకుండా వేసే జోకులు కాగితం మీద అచ్చుకావడం దండగ. అలాంటివాటి ముందు ఆ గుర్తు పెడితే అవి స్లైడ్లలో కనిపిస్తాయి, నోట్సులోకి వెళ్ళవు. ప్రాణాలు కాపాడే మాట ముందు ఆమె కలలో కూడా ఆ గుర్తు పెట్టదు. అది పొరపాటున పడేది కూడా కాదు. ఎవరో కుదురుగా కూర్చుని, అక్షరం అక్షరం కొట్టి పెట్టారు.

మిగతా పాఠాలు తెరవడానికి ఆమెకు చెయ్యి రాలేదు. అయినా తెరిచింది. ఆ గుర్తు ఎక్కడెక్కడ ఉందో వెతకమని చెప్పింది. ఆమె ఫోటోలూ ఆమె జోకులూ వరసగా వచ్చాయి. వాటి మధ్య, ఆమె పెట్టనివి. ప్రతి పాఠంలోనూ ఒకటి. ఒక్కటే.

తాళ్ళ పాఠంలో, తడిసిన తాడును కరెంటు దగ్గరికి తేవద్దన్న మాట. ట్రాన్స్‌ఫార్మర్ పాఠంలో, ఫ్యూజు పీకాక కూడా లోపల కరెంటు దాగి ఉండొచ్చన్న మాట. ప్రథమ చికిత్సలో, షాకు తగిలినవాణ్ణి ముట్టుకునే ముందు కరెంటు తీయమన్న మాట.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పద్ధతి మీద కసి ఉన్నవాడైతే కంటికి ఆనిందల్లా పీకేసేవాడు. పాఠం తెలియనివాడైతే ఏ బొమ్మ కింది వాక్యమో తీసేసేవాడు. ఇతను అలా చేయలేదు. ప్రతి పాఠాన్నీ చదివి, ఇందులో చెవిన పడి తీరాల్సిన ముక్క ఏదో ఎంచి, సరిగ్గా దాన్నే ఏరాడు. అంత బాగా ఏరగలిగినవాళ్ళు ఆ కాలేజీలో ఎందరున్నారు?

ఏరిన వాక్యాలను మళ్ళీ ఒకసారి మనసులో చదువుకుంది. చదువుతుంటే ప్రతిదాని ముందూ ఒక చప్పుడు వినిపించింది. మొదటి బెంచీలో కూర్చుని చదువుకున్న రోజుల్లో విన్న చప్పుడే. టక్ టక్.

భోజనాల వేళకు డస్టరు సారు ఎప్పటిలాగే రెండు డబ్బాలతో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండూ అత్త సర్దినవే. ఆమె డబ్బా మూత తీసే ఉంచాడు. ఆయనది మూత కూడా కదల్లేదు. గదిలో వాళ్ళిద్దరే.

"తిను. ఆకలి మీద మొండితనం ఇంకా పెరుగుతుంది," అన్నాడాయన.

"నువ్వు తినవేం మావయ్యా?"

"తర్వాత తింటాలే."

ఆమె ఎదురుగా కూర్చుంది. "ఈ మధ్య నీ క్లాసుకు ఎందరొస్తున్నారు?"

"బెంచీలన్నీ వస్తున్నాయి. చాలా బుద్ధిమంతులు. ఎదురు ప్రశ్న వేయవు, కునికిపాట్లు పడవు, సెల్‌ఫోన్ చూడవు."

ఇంకోరోజైతే ఆమె పడీపడీ నవ్వేది. "నాతో ఎప్పుడూ అనలేదే."

"అని ఏం చేయను? నీ నోట్సు బాగుందని ఊరంతా పొగుడుతోంది. నా మేనకోడలే కదా అని నేనూ మీసం తిప్పుకుంటున్నాను." ఆయన కిటికీలోంచి యార్డు వైపు చూశాడు. స్తంభం దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. "అమ్మాయ్, ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్. నాలుగు రోజులు స్టోర్సులో ఉంటావ్. తర్వాత అందరూ మర్చిపోతారు. నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను."

"పెట్టను."

"పెద్దవాణ్ణి చెబుతున్నా కదా."

"పెద్దవాడివి కాబట్టే అడుగుతున్నా. నేను సంతకం పెడితే ఆ తప్పు ఎవరి తలమీద ఉంటుంది?"

ఆయన కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు ఇంకేమైనా చెప్పాలా మావయ్యా?"

ఆయన ఆమె డబ్బాను ఆమె ముందుకు జరిపాడు. "మొండిఘటానివి," అన్నాడు చివరికి.

"ఎవరి మేనకోడల్ని?"

ఆమె లేచింది. అవకాశం ఇచ్చింది, ఆయన తీసుకోలేదు. పేరు బయటపెడితే సాయంత్రం ఏ మొహంతో ఆ ఇంటి గుమ్మం తొక్కాలి? అత్తకేం చెప్పాలి, అమ్మకేం చెప్పాలి? బయటపెట్టకపోతే రేపు ఇంకో క్లాసులో, ఇంకో స్తంభం మీద, తప్పుడు నోట్సు చదువుకున్నవాడు ఇంకొకడు. ఆమె మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమెవి కాని గుర్తులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. ఏ పాఠంలో ఏది తీసిందో గుర్తుపెట్టుకుంది. మీట మాత్రం నొక్కలేదు. అది అందరి ఎదుటా నొక్కాలి.

మధ్యాహ్నం పెద్ద హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసల్లో ట్రైనీలు, గోడల పక్కన సిబ్బంది. నిచ్చెన మొదటి బెంచీ చివర మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒరిగి కూర్చున్నాడు. డస్టరు సారు అన్నిటికన్నా వెనక వరసలో ఉన్నాడు. ప్రిన్సిపాల్ వేదిక మీద కాగితం, దాని మీద పెన్ను పెట్టి, "మేడం మీతో ఒక మాట చెబుతారు," అని పక్కకు జరిగాడు.

ఆమె ఆ పెన్ను తీసి జాగ్రత్తగా మూత పెట్టింది. కాగితాన్ని మడిచి ప్రిన్సిపాల్ చేతికే ఇచ్చింది. ముందు వరసల్లో గుసగుస బయల్దేరింది.

"క్షమాపణ చెప్పడానికి పిలిచారు నన్ను. చెప్పను," అంది. "పొద్దున జరగబోయింది జరిగుంటే మీలో ఒకడు ఈపాటికి ఉండేవాడు కాదు. అందుకు నేను ఈ జన్మంతా భయపడతాను. అయినా పద్ధతి వెనక్కి తీసుకోను. ఎందుకో చూపిస్తాను."

"మేడం, మనం అనుకున్నది ఇది కాదు," అన్నాడు ప్రిన్సిపాల్.

"మనం అనుకోలేదు సార్, మీరు అనుకున్నారు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. ఆమె కంప్యూటరు దగ్గర మీట నొక్కింది. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పక్క గదిలో అచ్చు యంత్రం గురగురమని మేలుకుంది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు గోడ దాటి హాల్లోకి వచ్చింది.

"సరిచేసిన నోట్సు, సరిచేసిన కార్డులు. బయటికెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి, పాతవి అక్కడే పడేయండి. తప్పు ఒక్కచోట ఉంది, ఒక్కచోటే దిద్దాను. పాత పద్ధతిలో అయితే ఎవరి పెట్టెలో ఏ కాగితముందో వెతుక్కుంటూ తిరిగేదాన్ని, మీరు ఈలోగా స్తంభాలెక్కేవాళ్ళు. ఇప్పుడు నోట్సులో ఏ మాటలు కనబడకుండా పోయాయో చెబుతాను. కాగితం మీద రావడం ఎలాగూ వస్తుంది. చెవిన కూడా పడాలి."

నల్లబల్ల అంచున డస్టరు ఉంది. ఆమె దాన్ని అందుకుని బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది.

టక్ టక్.

"స్విచ్ తీశాక, ఎర్త్ తగిలించే ముందు, టెస్టర్‌తో చూడాలి."

టక్ టక్.

"తడిసిన తాడు తాడు కాదు, తీగ."

గోడ పక్కన నిలబడ్డ సిబ్బందిలో కదలిక వచ్చింది. వాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళే. చప్పుడు ఎవరిదో వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరే తల తిప్పి హాలు వెనక్కి చూడసాగారు. ఆమె మాత్రం చూడలేదు.

టక్ టక్.

"ఫ్యూజు పీకినంత మాత్రాన..."

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఆపమ్మాయ్."

డస్టరు సారు బెంచీల మధ్య దారిలో నడిచి వచ్చాడు. ఎప్పుడూ వంగని మనిషి, ఇప్పుడూ వంగలేదు. వేదిక ఎక్కి చెయ్యి చాపాడు. ఆమె డస్టరు ఇచ్చింది.

"నా డస్టరు నేనే కొట్టుకోగలను," అన్నాడు. తర్వాత ట్రైనీల వైపు తిరిగాడు.

"ఆ గుర్తులు పెట్టింది నేనే. మెషీన్ కాదు, మేడమూ కాదు. జాలి మొహాలు పెట్టకండి, జాలి నాకు పడదు. ఈ హాల్లో చోటు చాలక కిటికీల్లో కూర్చుని నా పాఠం విన్నవాళ్ళున్నారు, అదిగో ఆ గోడ పక్కన నిలబడ్డారు, అడగండి. ఈ నోట్సు వచ్చాక మీరు రావడం మానేశారు. ఎందుకు రావట్లేదయ్యా అంటే, అన్నీ నోట్సులో ఉన్నాయి సార్ అన్నారు. అన్నీ ఉన్నాయా? అయితే ఒక్కటి లేకుండా చేస్తాను చూడండి అనుకున్నాను. పాఠానికి ఒక్కటి. క్లాసుకు వచ్చినవాడికి తెర మీద కనిపిస్తుంది, నా డస్టరు వినిపిస్తుంది. రానివాడు పరీక్ష తప్పుతాడు, తప్పినవాడు మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. ఇంతే నా ఎత్తు. దానికోసం మంచి మంచి ముక్కలు ఏరాను. పనికిమాలినవి తీస్తే మీరెందుకు వస్తారు? ఆ నోట్సులోంచే కార్డు కూడా వస్తుందని మా అమ్మాయి అన్నం తినేటప్పుడు చెప్పింది. నీ పిచ్చి కార్డులు నాకెందుకే అన్నాను. నేను పరీక్ష పేపర్లో గొయ్యి తవ్వాననుకున్నాను, అది స్తంభం మీద తేలింది. నిచ్చెనా, లేవకు, కూర్చో. నువ్వు నా క్లాసుకు రాకపోవడం తప్పే. ఇప్పుడూ తప్పే అంటాను, రేపూ అంటాను. కానీ క్లాసు ఎగ్గొట్టినవాడికి నేను సున్నా వేయాలి, పాడె కట్టకూడదు. పొద్దుటి నుంచీ నా గొంతులో ముద్ద దిగలేదురా. ప్రిన్సిపాల్ గారూ, ఆ కాగితం ఇటివ్వండి. పద్ధతిలో లోపం అని ఉన్నచోట కొట్టేసి నా పేరు రాస్తాను, సంతకం నేను పెడతాను. పాత పద్ధతికి పోయే ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్ అని ఇందాక ఈ పిల్లకి నీతులు చెప్పాను, ఎందుకో తెలుసా? పాత పద్ధతిలో అయితే ఏ మాట ఎవరి కాగితంలోంచి పోయిందో తేలేది కాదు, నేను చచ్చేదాకా ఎవరికీ దొరికేవాణ్ణి కాదు."